‘తిన్నారా’ అనడం మానేసిన దీవి

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి పిల్లలూ. వెనక నిలబడ్డ పెద్దవాళ్ళూ చాప మీదికి రావచ్చు, చోటుంది.

జపాన్ దేశంలో సోజున్ అనే గురువు ఉండేవాడు. ఏదడిగినా ముందు టీ కాచేవాడు, ఆ తర్వాతే మాట్లాడేవాడు. ఆయన శిష్యుడు హరునోబు గొప్పింటి బిడ్డ. ఒక జిల్లాకు అధికారిగా వెళ్ళబోతూ వచ్చి, జనం గౌరవించాలంటే వాళ్ళను ఎంత దూరంలో ఉంచాలని అడిగాడు.

గురువు టీ పోసి, తాను సన్యసించక ముందటి సంగతి ఒకటి చెప్పాడు.

అప్పట్లో ఆయన త్సుకిమోరి ప్రభువు దగ్గర గుమాస్తా. ప్రభువుది కొలువులో తరతరాలుగా పేరున్న వంశం. నలభై ఏళ్ళకే మంత్రి అయ్యాడు. యాభై దాటాక, సముద్రం అవతల తమ దేశం గెలుచుకున్న ఒక దీవికి పాలకుడిగా వెళ్ళాడు. ఓడ దిగిన పూటే, రేవులో చిలగడదుంపలు ఉడకబెట్టి అమ్ముకునే ఒకామె ఆయన్ని చూసి, "తిన్నారా?" అంది. ఆ దీవిలో ఎవరు ఎదురైనా పలకరింపు అదే. దుబాసీ ఆ సంగతి విడమరిచి చెప్పాడు కూడా. అయినా ప్రభువు మొహం కందగడ్డ అయింది. మంత్రిగా చేసినవాణ్ణి దుంపలమ్మేది తిండి సంగతి అడగడమా? ఆ వారమే ఉత్తర్వు వేయించాడు. అధికారి ఎదురైతే వంగి దండం పెట్టాలి, నోరు మెదపకూడదు. ఆ ఉత్తర్వు రాసింది సోజునే.

జనం విన్నారు. పన్నెండేళ్ళు విన్నారు. ప్రభువు రోడ్లు వేయించాడు, రైలు తెప్పించాడు, బడులు కట్టించాడు. ఆయన బండి వస్తే వీధి వీధంతా చప్పుడు లేకుండా వంగేది. ఆయన భార్య అక్కడే జ్వరంతో పోయింది. మర్నాడు ఆయన ఒక్కడే రేవు దాకా నడిచాడు. అందరూ వంగారు. ఆ వారమంతా ఆయన అన్నం ముట్టలేదని వంటవాడికి తెలుసు, సోజున్‌కూ తెలుసు. ఇద్దరూ ఉత్తర్వు తెలిసినవాళ్ళే.

పదవి దిగే నెలలో ప్రభువే ఆ ఉత్తర్వు రద్దు చేయించాడు. ఊరూరా చాటించారు. ఓడ ఎక్కే రోజు బండి వద్దని, రేవులో ఒక్కొక్కరి ముందు ఆగి ఆగి నడిచాడు. అందరూ వంగారు. దుంపలామె అప్పటికి ముసలిదైపోయింది. తలెత్తి ఆయన మొహంలోకి చూసింది. పెదవి కదిలింది. ప్రభువు అక్కడే నిలబడిపోయాడు. ఆమె మళ్ళీ వంగింది. ఆయన దాటిపోయాక, వెనకాల పెట్టె మోసుకొస్తున్న కూలీతో, "తిన్నావా నాయనా?" అంది.

"ఇంకా లేదమ్మా. నువ్వో?" అన్నాడు కూలీ.

ప్రభువు వెనక్కి తిరగలేదు. ఆ మాత్రం దీవి భాష ఆయనకు అప్పటికి వచ్చు.

హరునోబు చల్లారిన టీ గిన్నె కింద పెట్టాడు. "మరి ఆ రోజు ఆయన తిన్నాడా, గురువుగారూ?"

"తెలియదు" అన్నాడు గురువు. "నేనూ అడగలేదు."

ఇక లేవండి. అన్నాలు చల్లారిపోతాయి, ఇళ్ళకు పొండి. ఎవరదీ, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది? నేనా? ఇంకా తినలేదమ్మా, ఇప్పుడే తింటాను.