రైలు ఆగని స్టేషన్లో లెక్క

ఒకానొక రాజ్యంలో రైలు ఉండి కూడా జనం కాళ్లీడ్చుకుంటూ నడిచే రాజధాని ఒకటి ఉండేది. పేరు అమరవల్లి. మహానగరం కాదు, అలాగని చిన్న ఊరూ కాదు. చుట్టుపక్కల పల్లెలవాళ్లు పొద్దున్నే వస్తేనే అక్కడ పాలు దొరికేవి, మగ్గాలు ఆడేవి, రాజుగారి గడ్డం నున్నగా ఉండేది.

రాజు మార్తాండ భూపతికి గొప్పలంటే ప్రాణం. పొరుగురాజు రైలు కొన్నాడని తనూ కొన్నాడు. దానికి ఒకటే పని. రోజూ వేకువన కొండ ఊట నుంచి రాజుగారి స్నానానికి రెండు బిందెల నీళ్లు తేవాలి. నాలుగు పెట్టెలు ఖాళీ, అయిదో పెట్టెలో రెండు బిందెలు! దారిలో మూడు పల్లెల్లో స్టేషన్లు కట్టించారు, రంగులు వేయించారు, పేర్లు రాయించారు. రైలు మాత్రం ఎక్కడా ఆగదు. బిందెలకు మధ్యలో దిగే పనేముంది?

ఒకనాడు, కొలువులో పూలదండలు కట్టే మంగతాయి ఏడుస్తూ విదూషకుడు కోదండం ఇంటికి వచ్చింది.

"బాబయ్యా, మూడు కోసులు నడిచొచ్చేసరికి మల్లెలు వాడిపోతన్నాయి. సోమవారం కూడా వాడిన దండ తెస్తే పనిలోంచి తీసేస్తానన్నారు మంత్రిగారు. పిల్లల్ని ఎట్టా సాకేది? ఆ రైలేమో నా పక్కనుంచే ఖాళీగా పోతది."

కోదండానికి కడుపు మండింది. నేరుగా కొలువుకు వెళ్లి, రైలును పల్లెల్లో ఆపించమని రాజును అడిగాడు.

మంత్రి వజ్రనాభం గొంతు సవరించుకున్నాడు. "ప్రభూ, ఈ సంగతి నేను ముందే విచారించాను. ఒక్కో స్టేషన్లో ఒక్కో రోజు గొడుగు వేయించుకుని కూర్చున్నాను. రైలు కోసం వచ్చినవాళ్లు సున్నా. ఎక్కేవాళ్లే లేనప్పుడు ఆపడం దేనికి?"

"విన్నావా?" అన్నాడు రాజు మీసం దువ్వుకుంటూ. "లెక్క అంటే అదీ! నీలాగా నోటిమాట కాదు."

"భేషైన లెక్క ప్రభూ! నాకూ నేర్చుకోవాలనుంది. రేపు శుక్రవారం మీ దర్శనానికి ఎంతమంది వస్తారో ఇదే పద్ధతిలో లెక్క తీస్తాను. ఏర్పాట్లు నాకు అప్పగించండి."

దర్శనమంటే రాజుకు పండగ. శుక్రవారం మేడమీద నిలబడితే కింద వేలమంది జేజేలు కొడతారు. "అలాగే కానీ. మంత్రి లెక్క తప్పని తేల్చలేకపోయావో, ఏడాదిపాటు నువ్వూ పల్లె నుంచి నడిచి కొలువుకు రావాలి" అన్నాడు.

శుక్రవారం రాజు కిరీటం పెట్టుకుని మేడమీదికి వచ్చాడు. ఠీవిగా చెయ్యెత్తాడు. కింద నరపురుగు కూడా లేదు. ఎత్తిన చేతిని ఏం చెయ్యాలో తోచక కిరీటం సర్దుకున్నాడు.

కింద గొడుగు వేయించుకుని కూర్చున్న కోదండం గట్టిగా చదివాడు. "దర్శనానికి వచ్చినవాళ్లు సున్నా! ప్రభువును చూడాలని ఈ రాజ్యంలో ఎవరికీ లేదు. ఇక ఈ మేడ దేనికి? పడగొట్టించవచ్చు."

"ఓరి అప్రాచ్యుడా! నా జనం ఏరిరా?"

"కోట తలుపు వేయించాను ప్రభూ. అందరూ బయటే ఉన్నారు."

"తలుపు వేస్తే ఎలా వస్తారురా? తెరిచి చూడు, ఇసుక వేస్తే రాలదు!"

"చిత్తం. మీరు రైలు ఆపి చూడండి."

రాజు మంత్రివైపు తిరిగాడు. మంత్రి నేలచూపులు చూస్తున్నాడు.

"సోమవారం నుంచి రైలు ఆగుతుంది" అన్నాడు రాజు. "మంత్రీ, పల్లెకు వెళ్లి ఎక్కినవాళ్లను నువ్వే లెక్కపెట్టుకుని, అదే రైల్లో రా."

సోమవారం కొలువు మొదలయ్యేసరికి మంగతాయి తెచ్చిన మల్లెదండ రాజుగారి మెడలో ఘుమఘుమలాడుతోంది. మంత్రి జాడ లేదు. ఎండ నడినెత్తికొచ్చాక తలపాగా ఊడి, ఒళ్లంతా దుమ్ముకొట్టుకుని, కుంటుకుంటూ వచ్చాడు.

"ఎంతమంది ఎక్కారు మంత్రీ?"

"తెలియదు ప్రభూ. నాకు చోటు దొరకలేదు. నడిచి వచ్చాను."

రాజు సింహాసనం అదిరేలా నవ్వాడు. కళ్లు తుడుచుకుని, మెడలోని ముత్యాలహారం తీసి కోదండానికి అందించబోయాడు.

కోదండం చేతులు జోడించాడు. "హారం వద్దు ప్రభూ. రైలుకు ఇంకో రెండు పెట్టెలు తగిలించండి. పాపం, రేపైనా మంత్రిగారు కూర్చుని రావాలి కదా!"

రాజు మళ్లీ పగలబడి నవ్వాడు. పెట్టెలు తగిలించమని ఆజ్ఞాపించి, హారం కూడా కోదండం మెడలో వేశాడు.