బెత్తం తెచ్చిన ఎర్రోడు

బుట్టలల్లే మేదర సాయమ్మకు మోకాళ్ల నొప్పులు. లేవలేక, తన కుక్క ఎర్రోడికి వెదురు బద్దలు నోట కరిచి తెచ్చివ్వడం నేర్పింది. బద్ద అందించినప్పుడల్లా జొన్నరొట్టె ముక్క పెట్టేది. కొట్టిందీ లేదు, తిట్టిందీ లేదు.

అది చూసి ఊరి దొర కుక్కను ఈడ్చుకుపోయాడు. అడగడమా? దొరలకు ఆ అలవాటెక్కడిది! "చెప్పులు తేరా" అంటూ వెండి పొన్ను తొడిగిన వెదురు బెత్తంతో బాదాడు. ఒక్క మెతుకు విదల్చలేదు.

ఒకనాడు ఎర్రోడు ఆ బెత్తాన్నే లాక్కుని సాయమ్మ గుడిసెకు పరుగెత్తాడు. వెదురు దొరికితే ఎవరికివ్వాలో వాడికి తెలుసు. సాయమ్మ వాడి వీపు మీద వాతలు తడిమి చూసింది. బెత్తం అందుకోలేదు.

వెనకే దొర, నౌకర్లు వచ్చిపడ్డారు.

"దొంగదానా! నా బెత్తం ఎత్తుకురమ్మన్నావా?"

"నా దగ్గర లేదు దొరా. వాడి నోట్లో ఉంది, తీసుకోండి."

దొర లాగాడు. ఎర్రోడు గుర్రుమన్నాడు.

"ఇప్పించవే!"

"వాడు రొట్టె మాటే వింటాడు. ఇదిగో ముక్క. కింద కూర్చుని చేయి చాచండి."

బెత్తం లేకుండా ఊళ్లోకి ఏ మొహం పెట్టుకుని పోతాడు? దొర దుమ్ములో చతికిలబడి రొట్టె ముక్కతో చేయి చాచాడు. ఎర్రోడు బెత్తం వదిలి రొట్టె అందుకున్నాడు. నౌకర్లు నవ్వాపుకోలేక మొహాలు తిప్పుకున్నారు.

"కుక్కను కూడా తీసుకుపోండి దొరా," అంది సాయమ్మ. "మీరు బెత్తం ఎత్తినప్పుడల్లా వాడు లాక్కుని ఇక్కడికే తెస్తాడు. మీరూ వచ్చి ఇలాగే కూర్చుందురు గాని. రొట్టె నేను కాల్చి ఉంచుతాను."

దొర బెత్తం చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. కుక్కను పిలవలేదు.