ఈల వేసిన ఆవుకొట్టం

అనగనగా రష్యాలో, మంచులో ముక్కుదాకా మునిగిన ఒక ఊళ్ళో, అగాఫ్యా అనే ముసలమ్మ ఉండేది. నాకంటే ముసలిదేలే, నవ్వకు! ఆ ఊళ్ళో చలి ఎంతనుకున్నావ్? పొయ్యిలో పొగ బయటికి తొంగిచూసి, వణికిపోయి, మళ్ళీ పొయ్యిలోకే దూరేది.

అగాఫ్యాకి ఉన్నదల్లా ఒక్క ఆవు. పేరు జోర్కా. పాత కొట్టం కూలిపోయింది. మంచు ముదిరేలోగా కొత్తది లేవకపోతే జోర్కా బతకదు.

అప్పుడు ముగ్గురు అన్నదమ్ములు వచ్చారు, వడ్రంగులు. పెద్దవాడు యెర్మీల్. వాడి గొడ్డలి ఎంత పదునంటే, నీడ తగిలినా దుంగ చీలిపోయేది! రంపం లేదు, ఒక్క మేకు లేదు. దుంగల చివర గాడి చెక్కి, ఒకదాని ఒళ్ళో ఇంకోదాన్ని పడుకోబెట్టారు. గాలి దూరకుండా మధ్యలో మెత్తగా అడవినాచు పరిచారు, నీకు బొంత పరిచినట్టే.

అక్కడో ఆనవాయితీ ఉంది. మొదటి దుంగ వేసిన రోజు, గడప పెట్టిన రోజు, కప్పు ఎత్తిన రోజు వడ్రంగులకి వెన్న వేసిన సంకటి పెట్టాలి. మొదటి రోజు పెట్టింది. రెండో రోజూ పెట్టింది. మూడో రోజుకి జోర్కా చలికి పాలు ఎగ్గొట్టింది. వెన్నేదీ? ఆ మాట చెప్పడానికి సిగ్గేసి, వట్టి సంకటి పెట్టేసింది.

యెర్మీల్ గిన్నెలోకి చూశాడు. "ఏం ముసలమ్మా, పని అవ్వగానే వెన్న కరిగిపోయిందా?"

అగాఫ్యా పొయ్యి వైపు తిరిగి కట్టెలు ఎగదోసింది. అప్పుడు వాడికి ఒళ్ళు మండింది. చెట్టు బెరడుతో ఈల చుట్టి, కప్పు కింద నాచులో గుచ్చి, చక్కాపోయాడు.

ఆ తర్వాత గాలి లేచింది. కొట్టం "ఊఁ... ఊఁ..." అని ఒకటే ఏడుపు! జోర్కా గడప దగ్గరే మొరాయించింది. గడ్డి చూపిస్తే రాలేదు. కొమ్ములు పట్టి లాగితే రాలేదు. వెనకనుంచి తోస్తే ముసలమ్మే బోర్లా పడింది. పైనుంచి మంచు, రేకు రేకూ విస్తరాకంత!

అప్పుడు అగాఫ్యా గోడకి చెంప ఆనించింది. "ఏడవకే తల్లీ. నీకూ వెన్న కావాలా? ఆవు పాలివ్వలేదే. సిగ్గేసి ఆ పిల్లలకి చెప్పలేకపోయాను."

చేతితొడుగులు మరిచిపోయి వెనక్కొచ్చిన యెర్మీల్ అదంతా విన్నాడు.

"ఆ ముక్క నాతో చెబితే నోరు అరిగిపోయేదా, ముసలమ్మా?"

"అడిగితే నీ నోరు అరిగిపోయేదా, అబ్బాయ్?"

వాడు గబగబా పైకెక్కాడు. ఈలకి చాకుతో చిన్న చిల్లు పెట్టి, మళ్ళీ నాచులోనే దోపాడు. అప్పుడు గాలి వచ్చింది. కొట్టం "జో... జో..." అంది.

జోర్కా చెవులు ఆడించింది. ఒక కాలు లోపల పెట్టింది. ఇంకో కాలు పెట్టింది. ఆ తర్వాత నాచు వాసనలో వెచ్చగా పడుకుంది.

కొట్టంలో చేరిన మూడో రోజుకి జోర్కా పాలు చేపింది. బాకీపడ్డ సంకటిలో అగాఫ్యా వేసిన వెన్నలో యెర్మీల్ చెంచా మునిగిపోయింది. ఇప్పటికీ వెతుకుతున్నాడట!

కిటికీ సందులో సన్నగా వినిపిస్తోందా? ఆ ఈలే, బంగారూ. అంత దూరం నుంచి నీకోసమే వచ్చింది.

కథ కంచికి చేరింది,
ఆవు కొట్టం చేరింది,
కళ్ళు మూసుకో కన్నా,
కునుకు గడప చేరింది.