మైనం గంట

అనగనగా, రాజులు గుర్రాల మీదా కథలు నాలుకల మీదా ఊళ్ళు తిరిగే కాలంలో, రాగిపట్నం అని ఒక ఊరుండేది. ఊరి పక్కన ఏరు. ఏటి నడుమ లంక. లంకలో నలభై గడప, గడపకు రెండు గేదెలు, దిబ్బ నిండా దోసపాదులు.

ఎగువన వాన పడితే లంకకు తెలియదు. పట్నానికి తెలుస్తుంది. కబురు రాగానే కోట బురుజు మీద పెద్ద గంట కొట్టేవాళ్ళు. ఆ మోత విని లంకవాళ్ళు పిల్లల్నీ గేదెల్నీ తోలుకొని ఒడ్డెక్కేవాళ్ళు. తాతల నాటి నుంచీ అంతే.

పోయిన ఏడు ఆ గంట బీటవారింది. కొడితే పగిలిన కుండలా డబడబమంది. ఏరు పొంగింది. అది గంట మోతని లంకకు తెలియలేదు. పదకొండు గేదెలు పోయాయి. ఒక మనిషి పోయాడు.

ఇక కొత్త గంట పోయించక తప్పదు. పోయగల ఇల్లు పట్నంలో ఒక్కటే. కంచరి నాంచారు ఇల్లు.

నాంచారు తండ్రి పోసిన గంటలు ఏడూళ్ళలో మోగుతున్నాయి. ఆయన కాలం చేసి ఐదేళ్ళయింది. పోయేముందు ఉన్న ఒక్క కూతురికి పనంతా నేర్పాడు. దాచుకున్నదేమీ లేదు.

గంట పోయడం అంటే మాటలు కాదు. ముందు మట్టితో లోపలి ముద్ద చెయ్యాలి. దాని మీద తేనెమైనంలో గుగ్గిలం కలిపి గంట రూపు దిద్దాలి. మైనం మీద మళ్ళీ మట్టి మెత్తాలి. ఆరాక కాలిస్తే మైనం కరిగి కారిపోతుంది. మట్టి నడుమ గంటంత ఖాళీ మిగులుతుంది. కరిగిన కంచు అందులో పొయ్యాలి. చల్లారాక మట్టి పగలగొట్టాలి.

మైనాన్ని వందసార్లు దిద్దుకోవచ్చు. కంచు ఒక్కసారే. పైగా కంచరివాళ్ళకొక ఆచారం ఉంది. మట్టి పగలగొట్టేది తలుపులు మూసుకొని కాదు, వాకిట్లో, ఊరందరినీ పిలిచి. బాగొచ్చినా అందరి ఎదుటే. పాడైనా అందరి ఎదుటే.

మైనం పనిలో నాంచారుకు సాటి లేదు. ఆమె దిద్దిన మైనపు మల్లెమొగ్గ మీద తుమ్మెద వాలిందని చెప్పుకొనేవాళ్ళు. చెప్పుకొనేవాళ్ళకేం, తుమ్మెదను అడిగొచ్చారా? ఐదేళ్ళలో ఆమె పన్నెండు మైనపు గంటలు చేసింది. ప్రతి దాంట్లోనూ ఒక లోపం కనిపెట్టింది. పన్నెండింటినీ కరిగించేసింది. కంచు మాత్రం ఒక్క చుక్క పోయలేదు. ఊరు ఆమెను 'మైనం నాంచారు' అని పిలిచేది. ఆమె అది బిరుదనుకొని మురిసేది.

ఆ ఇంట్లో కొలిమితిత్తి ఊదేది మేనత్త పున్నమ్మ. తిత్తి ముందు యాభై ఏళ్ళు కూర్చున్న మనిషి. ఊదితే నిప్పు, నోరు తెరిచినా నిప్పే.

చైత్రంలో రాజుగారి భటుడు వచ్చాడు. "గంట ఎప్పుడమ్మా?" అన్నాడు.

"మట్టి బాగోలేదు. ఇసుక పాలు ఎక్కువ. ఎగువ చెరువు మట్టి కావాలి," అంది నాంచారు.

రాజుగారు మూడు బండ్ల మట్టి తోలించారు. వెన్నలాంటి మట్టి. ఒక్క గులకరాయి లేదు.

వైశాఖంలో భటుడు మళ్ళీ వచ్చాడు. "మట్టి వచ్చింది గదమ్మా. గంట ఎప్పుడు?"

"ముహూర్తం కుదరలేదు. మూఢమి వెళ్ళాలి."

"మూఢమి ఆకాశంలో లేదే పిల్లా, నీ చేతుల్లో ఉంది," అంది పున్నమ్మత్త తిత్తి దగ్గర నుంచే.

రాజుగారు పురోహితుణ్ణి పంపారు. ఆయన పంచాంగం విప్పి, ఒకటి కాదు, మూడు ముహూర్తాలు రాసిచ్చి వెళ్ళాడు. మూడూ దాటిపోయాయి.

జ్యేష్ఠం వచ్చింది. భటుడూ వచ్చాడు. పదమూడో మైనపు గంట నీడన నిలబడి ఉంది. నడుము ఎత్తు. చుట్టూ తీగలు, తీగల నడుమ హంసలు.

"ఇదుగో, అయిపోయినట్టే," అంది నాంచారు. "ఈ ఒక్క హంస ముక్కు కాస్త వంకరగా ఉంది. సరిదిద్దగానే..."

"అమ్మా, ఇది ఉండేది బురుజు మీద," అన్నాడు భటుడు. "అక్కడ హంస ముక్కు చూసేదెవరు? కాకులా?" అని, గొంతు తగ్గించి, "అమావాస్య దాటితే రాజుగారు పొరుగు రాజ్యానికి మనిషిని పంపుతారట. వాళ్ళు పోసి, బండెక్కించి తెచ్చేసరికి శ్రావణం. ఏరు శ్రావణం దాకా ఆగుతుందా? నువ్వే చెప్పు," అన్నాడు.

నాంచారు మైనం దిద్దే పుల్ల తీసుకొని హంస ముక్కు దిద్దడం మొదలుపెట్టింది.

మరునాడు పొద్దెక్కాక లంక నుంచి ఒక మనిషి వచ్చింది. పేరు అంకమ్మ. పోయిన ఏడు ఏట్లో కొట్టుకుపోయింది ఆమె పెనిమిటే. నెత్తిన దోసకాయల గంప. వాకిట్లో దించి, చెంగుతో ముఖం తుడుచుకొని, "గంట పోసే తల్లి ఇల్లు ఇదేనా?" అంది.

"ఇదే. ఏం కావాలి?" అంది నాంచారు.

"ఏమీ వద్దు తల్లీ. మా కోసం గంట చేస్తన్నావంట. లంకంతా తలా ఒక కాయ వేశాం. చేదుకాయ ఒక్కటి లేదు. అన్నీ చూసే తెచ్చాను."

"అన్నీ కొరికి చూశావా ఏంటి?" అంది పున్నమ్మత్త.

"కొరికితే మీకేం మిగుల్తాదక్కా? తొడిమ కాడ గిల్లి నాలిక్కి రాసుకుంటే తెలీదూ!"

అత్త ఫక్కుమంది. అంకమ్మ గంట చుట్టూ తిరిగింది. తీగల్ని చూసింది, హంసల్ని చూసింది. "అబ్బ, పిలిస్తే పలికేట్టున్నాయే!" అని మురిసి, వేలి గోటితో గంటను మీటింది.

టప్‌మంది.

ఇంకోసారి మీటింది. మళ్ళీ టప్‌మంది.

"ఇదేంటి తల్లీ, మోగదేం?"

"అది మైనం. ఇంకా కంచు పోయలేదు."

"ఎప్పుడు పోస్తావు?"

నాంచారు నోట్లో మూడు జవాబులున్నాయి. మట్టి, మూఢమి, హంస ముక్కు. మొగుణ్ణి ఏటికిచ్చిన మనిషి ముందు మొదటి రెండూ నాలుక దాటలేదు. మూడోది సగం దాటింది. "ఈ హంస ముక్కు..." అని నసిగింది.

అంకమ్మ ముక్కును చూసింది. నాంచారును చూసింది.

"ఆ పొద్దు మా ఆయన దిబ్బ మీద నిలబడి చెవి ఒగ్గి విన్నాడు తల్లీ. 'ఏదో డబడబమంటంది, పట్నంలో ఎవరిదో పెళ్ళేమో' అన్నాడు. మేమందరం నవ్వాం." గంపలోని కాయలు వాకిట్లో కుమ్మరించింది. "ముక్కు వంకరైతే పోనీలే. మాకు బొమ్మలొద్దు. మోత కావాలి."

ఖాళీ గంప చంకన పెట్టుకొని వెళ్ళిపోయింది.

నాంచారు అక్కడే చతికిలబడింది. "అత్తా, నాకు భయంగా ఉంది."

"ఐదేళ్ళ నుంచి ఆ ముక్క కోసమే చెవులు రిక్కించుకొని కూర్చున్నా. చెప్పు, దేనికి భయం?"

"పాడైతే ఊరు నవ్వుతుంది."

"ఇప్పుడు ఏడుస్తోందా ఊరు? 'మైనం నాంచారు' అనేది ముద్దుకనుకున్నావా? సంత మొత్తం నవ్వుతోంది, నీకు తప్ప అందరికీ వినపడుతోంది. కొత్తగా పోయే పరువేం లేదు గానీ, ఇంకోటి చెప్పు."

నాంచారు ముఖం కందిపోయింది. "నాన్నంత బాగా పోయలేను."

"మీ నాన్న పోసిన మొదటి గంట ఎక్కడుందో తెలుసా?"

"ఏ గుళ్ళో?"

"గేదెల కొట్టంలో! కొడితే మోగదు, కరిగిద్దామంటే మా అమ్మ ఒప్పుకోదు. తిరగేసి గుంటలో పాతి కుడితితొట్టి చేశాం. మన గేదె ఏడేళ్ళు దాంట్లోనే తాగింది. మీ నాన్న రోజూ తానే కుడితి పోసేవాడు, సిగ్గేమీ పడకుండా. సరే, అసలుది చెప్పు. ఇంకోటుంది నీ కడుపులో."

నాంచారు ఒక దోసకాయ చేతిలోకి తీసుకొని అటూ ఇటూ తిప్పింది. "అత్తా... బాగా వస్తే?"

"ఏమిటీ?"

"బాగా వస్తే మరునాడే ఇంకోటి పొయ్యమంటారు. దాని తరువాత ఇంకోటి. ఇప్పుడైతే 'నాంచారు పోసిందంటేనా!' అంటారు. ఒకసారి పోశానా, ఇక ప్రతిసారీ పోసి చూపించాల్సిందే. చెప్పుకోవడానికి సాకు కూడా మిగలదు."

పున్నమ్మత్త తిత్తి తోలును తడుముతూ, "అది నిజమే," అంది. "దానికి నా దగ్గర మందు లేదు. లే, మట్టి పిసుకు."

నాంచారు లేచింది. మట్టి పిసికింది. హంస ముక్కు వంకరగా ఉండగానే దాని మీద మొదటి పూత పూసింది. పూసేటప్పుడు కళ్ళు మూసుకుంది. పూసింది మాత్రం పూసింది.

అచ్చు పన్నెండు రోజులు ఆరింది. తరువాత చుట్టూ పిడకలు పేర్చి కాల్చారు. ఐదేళ్ళ నేర్పు అరగడియలో చుక్కలు చుక్కలుగా కింది తొట్టిలోకి కారిపోయింది. నాంచారు చూస్తూ నిలబడింది. ఇక దిద్దుకోవడానికి ఏమీ లేదు.

అమావాస్యకు ముందు రోజు వాకిలి నిండా జనం. రాజుగారు పల్లకి దిగి వేపచెట్టు నీడన కూర్చున్నారు. లంక నుంచి అంకమ్మా, మరో ఇద్దరు మగవాళ్ళూ వచ్చి తిత్తి దగ్గర అత్తకు సాయం పట్టారు.

కొలిమిలో మూడు మూసలు, కంచు కరిగించే మట్టి పాత్రలు. మూడింటా కంచు కరిగి, ఎర్రగా, పసుపుగా, కళ్ళు చెదిరే తెలుపుగా మారింది. మూడూ ఒకదాని వెంట ఒకటి, మధ్యలో ఆగకుండా ఒంపాలి. ఆగితే లోపల అతుకు పడుతుంది. అతుకు పడిన గంట మూగది.

నాంచారు పటకారు అందుకుంది.

"అత్తా, చేతులు..."

"కనపడుతూనే ఉంది. వణికితే వణకనీ, పట్టు వదలకు. ఒంపు!"

మొదటి మూస ఒంపింది. అచ్చు గుటకలు వేసింది. రెండో మూస ఒంపింది. సగంలో అచ్చు అడుగున సన్నని బీట విచ్చి, కంచు ఎర్రటి నాలుకలా బయటికి కారింది. జనం వెనక్కి దూకారు.

"పోయింది! ఆపెయ్ అమ్మాయ్!" అని ఎవరో అరిచారు.

ఆపడానికి అంతకన్నా మంచి సాకు ఈ జన్మలో దొరకదు. ఊరంతా సాక్ష్యం. బీట పడింది, ఆపేసింది, ఆమె తప్పేముంది? నాంచారు గుండెలో ఐదేళ్ళుగా కాపురమున్న భయం 'ఇదే అదను' అంది.

నాంచారు ఆగలేదు. "అత్తా, మన్ను!" అని కేకపెట్టి మూడో మూస ఎత్తింది. అత్తా అంకమ్మా పొడి మన్ను పారలతో ఎత్తిపోసి, బీటను కప్పి, పార వీపుతో అదిమిపెట్టారు. కారడం ఆగింది. మూడో మూస చివరి చుక్క దాకా అచ్చులోకి దిగింది.

మరునాటికి అచ్చు చల్లారింది. రాజుగారూ, అంకమ్మా, ఊరంతా మళ్ళీ వాకిట్లో చేరారు. నాంచారు సుత్తి తీసుకుంది. మట్టి పెళ్ళలు ఊడిపడ్డాయి. గంట బయటపడింది. నల్లగా, మసితో, ఒక పక్క గరుకుగా. హంసలన్నీ వచ్చాయి. ఒక్క దానికి మాత్రం ముక్కు వంకరగా కాదు, అసలు రానే లేదు. తల కూడా సగమే. కంచు అక్కడిదాకా పారలేదు.

"అది హంసా, బాతా?" అన్నాడొకడు. గుంపు గొల్లుమంది. రాజుగారి మీసం కూడా కదిలింది.

నాంచారు చెవులు వేడెక్కాయి. ఏ నవ్వుకు భయపడి ఐదేళ్ళు మైనంలో దాక్కుందో, ఆ నవ్వు ఎదురుగా వచ్చి నిలబడింది. ఆమె చావలేదు. కాళ్ళ కింద నేల అలాగే ఉంది. గంటను మోకులతో వేపకొమ్మకు ఎత్తించి, కొయ్య సుత్తి ఎత్తి దాని మీద కొట్టింది.

ఆ మోత వేపచెట్టును దాటింది. కోటను దాటింది. ఏటి మీదుగా సాగిపోయింది. నవ్వేవాళ్ళ నోళ్ళు తెరుచుకున్నవి తెరుచుకున్నట్టే ఉండిపోయాయి. అంకమ్మ రెండు చేతులూ చెవులకు అడ్డంపెట్టుకొని, కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే, "చాలు తల్లీ, చెవులు పోతాయి," అంది.

ఆషాఢం రెండో వారంలో ఎగువన వాన కొట్టింది. బురుజు మీద గంట మోగింది. ఏరు లంకను ముంచేలోపే నలభై గడపల జనమూ, అరవైతొమ్మిది గేదెలూ ఒడ్డెక్కారు. ఒక్క తల లోటు లేదు.

నాలుగోరోజు భటుడు వచ్చాడు. "అమ్మా, దిగువ రేవుకు కూడా ఒక గంట కావాలట. దీనికన్నా పెద్దది."

నాంచారును మళ్ళీ అదే గుబులు పట్టుకుంది. ఈసారి పాడైతే? మొదటిది ఏదో కలిసొచ్చి వచ్చిందేమో? ఆ గుబులు పాతదానికన్నా చిన్నదేమీ కాదు. ఇంకాస్త పెద్దదే.

"మట్టి ఎప్పుడు తోలించమంటావమ్మా?" అన్నాడు భటుడు.

"ఈ సాయంత్రమే," అంది నాంచారు.

అందుచేత పిల్లలూ, పెద్దలూ, భయం చచ్చాక పని మొదలుపెడదామని కూర్చున్నవాడు పని ముట్టకుండానే చస్తాడు. భయం వెంట వస్తానంటే రానివ్వండి గానీ, పటకారు మాత్రం దాని చేతికివ్వకండి.