ముళ్లపందికి వేసిన ప్రాయశ్చిత్తం

అనగనగా ఒక కొండ అడవి. అక్కడి జంతువులన్నీ కలిసి ఒక భజన మేళం పెట్టుకున్నాయి. మేళానికి గురువు ముసలి ఎలుగుబంటి. పిల్లలకి పాటలు నేర్పేవాడు ముళ్లపంది. తాళం వేసేది పైడమ్మ అనే జింక.

ఆ అడవికి ఒక కట్టుబాటు ఉంది. పిల్లని ఎవరైనా బాధపెడుతున్నారని తెలిస్తే, తెలిసినవాళ్ళు ఆ పొద్దే రేవు దగ్గర కాపలా ఉండే ఏనుగుకి చెప్పాలి.

భజన మేళానికి ఇంకో కట్టుబాటు ఉంది. మేళంలో జరిగిన తప్పు మేళంలోనే కడుక్కోవాలి. గురువు చెవిలో చెబితే చాలు, ఆయనే ప్రాయశ్చిత్తం వేస్తాడు.

ఒకనాడు కుందేలు పిల్ల నూకాలు పాటలకి వెళ్ళనని ఏడ్చింది. పైడమ్మ దగ్గరకి తీసుకుని ఏమైందని అడిగింది.

"పెద్దమ్మా, ముళ్లపంది మామ నన్ను పొదలోకి లాక్కెళ్ళి గుచ్చుతున్నాడు. అమ్మకి చెబితే దేవుడు కళ్ళు తీసేస్తాడంట."

వీపు మీద బొచ్చు పక్కకి తీసి చూస్తే అన్నీ ముళ్ల గాట్లే.

పైడమ్మ వెంటనే లేచింది. రేవు వైపు నాలుగడుగులు వేసింది. మేళం పరువు పోతుందేమో అనిపించింది. వెనక్కి తిరిగి గురువు గుహకి వెళ్ళి చెవిలో చెప్పింది.

ఎలుగుబంటి ముళ్లపందిని పిలిపించాడు. ముళ్లపంది ఏడ్చాడు. చాలా బాగా ఏడ్చాడు.

"పశ్చాత్తాపం కనబడుతోంది," అన్నాడు గురువు. "పాపం పిల్లల దగ్గర చేశావు. కాబట్టి ప్రాయశ్చిత్తం కూడా పిల్లల దగ్గరే. ఇకనుంచి నెల రోజులు పాట ఒక్కటే కాదు, వాళ్ళకి స్నానం చేయించు, నిద్రపుచ్చు."

"మీ దయ స్వామీ," అన్నాడు ముళ్లపంది.

గుహలో ఉన్న పెద్దలందరూ ఎంత చక్కటి తీర్పు అని తలలూపారు. పైడమ్మ కూడా ఊపింది.

నూకాలు మాట్లాడటం మానేసింది. కొన్నాళ్ళకి ఉడత పిల్ల కుంటుతూ వచ్చింది. పైడమ్మ మళ్ళీ గుహకి వెళ్ళింది.

"ముళ్ళు ఆయనకి దేవుడిచ్చినవి. పీకెయ్యమంటావా?" అన్నాడు గురువు.

ఆ తర్వాత అడవిపంది కూన చెవికి చిల్లు పడింది. పైడమ్మ మళ్ళీ వెళ్ళింది.

"అయితే సేవ ఇంకా సరిపోలేదన్నమాట," అన్నాడు గురువు. "ఇంకో నెల పొడిగిద్దాం."

పైడమ్మ ఆయన ముఖం వంక చూసింది. ఆయన నిజంగానే అంటున్నాడు.

"స్వామీ, నేను రేవుకి పోతున్నాను."

"మేళం గుట్టు బయటపెడతావా? రేపటినుంచి నీకు తాళం లేదు!"

"మీ దగ్గరే ఉంచుకోండి స్వామీ."

ఏనుగు అంతా విన్నాడు. ఒక్కటే అడిగాడు.

"పిల్లలు ఇప్పుడు ఎవరి దగ్గరున్నారు?"

"ముళ్లపంది దగ్గరే. నిద్రపుచ్చుతున్నాడు."

ఏనుగు పరుగెత్తాడు. పిల్లల్ని ముందు వాళ్ళ అమ్మలకి అప్పగించాడు. తర్వాత ముళ్లపందిని బయటికి లాగాడు. ఎలుగుబంటి ఆయాసపడుతూ వచ్చాడు.

"అయ్యా, ప్రాయశ్చిత్తం సగంలో ఉంది. ఇప్పుడు ఆపకూడదు!"

"అంటే నీకూ తెలుసన్నమాట," అన్నాడు ఏనుగు. "అయితే నువ్వూ నడు."

తర్వాత పైడమ్మ వైపు తిరిగాడు. "నీకెప్పుడు తెలిసిందమ్మా?"

"మొదట్లోనే తెలిసింది. అప్పుడే గురువుగారికి చెప్పాను కదండీ."

వాళ్ళమ్మ కడుపులో ముఖం దాచుకున్న నూకాలు తలెత్తింది. ఎన్నాళ్ళకో నోరు విప్పింది.

"పెద్దమ్మా, నేను నీకు చెప్పాను కదా. ఇంక గుచ్చడనుకున్నాను."



నీతి: పిల్ల తన బాధ మనకి చెప్పుకుంటే, ఆ మాట కాపాడగలవాళ్ళకి వెంటనే చేర్చాలి, మన గుంపు పరువు కోసం దాచిపెడితే దెబ్బ మళ్ళీ పిల్లకే తగులుతుంది.