తాలు గింజలో బిడ్డ

అనగనగా అడవి అంచున ఒక ఊరు, ఊరి చుట్టూ గోధుమ చేలు. ఆ ఊళ్ళో లచ్చుబాయి అని ఒకామె ఉండేది. ఆమె చేట పట్టిందంటే ఒక్క తాలు గింజ మిగిలేది కాదు. ఊఁ కొట్టు మరి, గోడకి చెబుతున్నానా?

ఒక ఏడు గోధుమకి కుంకుమ తెగులు వచ్చింది. లచ్చుబాయి చేనంతా ఎర్రటి పొడై రాలింది. మళ్ళీ ఆ తెగులు వస్తే ఊళ్ళో గోధుమ విత్తేవాళ్ళే ఉండరు.

అప్పుడు ఊరి పక్క పరిశోధన కేంద్రంలో వసుంధర మేడం తెగులుకి లొంగని గోధుమ పుట్టించింది. కానీ దాని పిల్లలు ఒక్కోటి ఒక్కో తీరు. అన్నీ ఒక పోలికకి రావాలంటే ఎనిమిదేళ్ళు పడుతుంది. అన్నాళ్ళు ఎవరాగుతారే తల్లీ?

అందుకని మేడం ఒక అడ్డదారి వెతికింది. గోధుమకి దర్భ గడ్డి దూరపు చుట్టం. దర్భ పుప్పొడి గోధుమ పువ్వుకి అద్దితే బిడ్డ పడుతుంది. కానీ అందులో దర్భ వంతు కరిగిపోయి, అమ్మ వంతు ఒక్కటే మిగులుతుంది. ఆ ఒక్క వంతునీ మందుతో రెండు చేస్తే, ఇక దాని పిల్లలన్నీ అచ్చు దాని పోలికే!

లచ్చుబాయి చేతి నేర్పు చూసి మేడం ఆమెకే పని అప్పజెప్పింది. లచ్చుబాయి ఆ కొత్త గోధుమ పువ్వుల్లో కేసరాలు పీకింది, దర్భ పుప్పొడి అద్దింది, మర్నాడు బిడ్డ నిలవడానికి ఒక మందు చల్లింది. ఆ తర్వాత పద్దెనిమిది రోజులకి గింజలు ఒలిచి నొక్కి చూస్తే లోపల పాలూ లేవు, పిండీ లేదు. ఉత్త నీళ్ళు!

"థూ, అన్నీ తాలే!" అనుకుంది. అలవాటైన చెయ్యి ఆగుతుందా? చేటలోవన్నీ కోళ్ళకి చల్లేసింది.

మేడం వచ్చి నెత్తిన చేతులు పెట్టుకుంది. "అయ్యో లచ్చక్కా! ఆ నీళ్ళలోనే బిడ్డ ఉంటుంది. దానికి లోపల తిండి ఉండదు కాబట్టే మనం తీసి పెంచాలి."

 ఊరంతటి ఆశని లచ్చుబాయి తన చేత్తోనే కోళ్ళపాలు చేసింది! ఏడుస్తూనే కోళ్ళని తోలి మట్టంతా వెతికింది. దొరికినవి మూడంటే మూడు.

"వీటిని నేనే సాకుత మేడం," అంది.

ఆవగింజంత కూడా లేని బిడ్డల్ని తీసి, గాజు గొట్టాల్లో జున్నులా గట్టిపడిన తియ్యటి జావ మీద పడుకోబెట్టింది. మొదటిది బూజు పట్టింది. రెండోది మొలిచి వాడిపోయింది. మూడోది బతికింది! బక్కపలచగా ఉన్నా బతికింది. అప్పుడు దాని వేళ్ళు, ఒక్క వంతుని రెండు చేసే మందు నీళ్ళలో నానబెట్టి నాటారు.

"గింజ పడుతుందంటావా?" అంది మేడం.

"ఎందుకు పడదు? పడి తీరుతది!" అంది లచ్చుబాయి.

పడింది. పదకొండు గట్టి గింజలు! మరుసటేడు అవి పదకొండు మొక్కలయ్యాయి, అన్నీ ఒకే ఎత్తు. పక్క చేలకి మళ్ళీ కుంకుమ తెగులు తగిలింది గానీ, వాటి ఆకు మీద మచ్చ పడలేదు. ఆ తర్వాత మూడేళ్ళకి ఊరంతా అదే గోధుమ.

ఇప్పటికీ లచ్చుబాయి గోధుమ చెరిగితే కోళ్ళు చుట్టూ మూగి గోల పెడతాయి. ఆమె మాత్రం ప్రతి తాలు గింజనీ నొక్కి చూశాకే వాటికి వేస్తుంది.

కథ నడిచె కంచి దాకా,
గింజ నిండె గాదె దాకా,
కోడి చేరె గూటి దాకా,
కళ్ళు మూయి పొద్దుటి దాకా!