నరుతో సముద్రం గిరగిరా ఎందుకు తిరుగుతుంది?

ఒకప్పుడు నరుతో అనే ఊరి దగ్గర సముద్రం పళ్ళెంలో పోసిన పాలలా కదలకుండా ఉండేది. సుడి లేదు, హోరు లేదు. దాన్ని చూడ్డానికి ఒక్కరంటే ఒక్కరు వచ్చేవారు కాదు. కదలని నీళ్ళ కోసం అంత దూరం ఎవరొస్తారు చెప్పండి? అవి మన బిందెలోనూ ఉంటాయి కదా!

ఈ నరుతో జపాన్‌లో తొకుషిమా అనే జిల్లాలో ఉంది. అక్కడి ఒడ్డుకీ, ఎదురుగా ఉన్న అవాజీ దీవికీ మధ్య సముద్రం బాగా సన్నబడి, అచ్చం ఇంటి గుమ్మంలా ఉంటుంది. గుమ్మం బయట పెద్దకడలి ఉండేది. గుమ్మం లోపల చిన్నకడలి ఉండేది.

ఇద్దరూ ఇరుగుపొరుగే. కానీ ఒకరి ఇల్లు ఒకరు ఎన్నడూ చూడలేదు.

పెద్దకడలికి ఎటు చూసినా నీళ్ళే. "లోపల బుల్లి బుల్లి దీవులున్నాయట! వసంతం వస్తే కొండల మీది చెర్రీ పూలు జలజలా నీళ్ళలో రాలతాయట! ఒక్కసారి చూసొస్తే ఎంత బాగుంటుందో!" అని ఉవ్విళ్ళూరేది.

చిన్నకడలికేమో తిమింగలాలను చూడాలని ఒకటే తహతహ. "కొండంత ఉంటాయట! నెత్తిమీంచి నీళ్ళు చిమ్ముతాయట!" అని చేపపిల్లలకు చెప్పి చెప్పి వాటి చెవులు చిల్లులు పడేలా చేసింది. చేపలకు చెవులెక్కడివని అడక్కండి, కథ ఆగిపోతుంది.

ఒక వసంతకాలం పొద్దున ఇద్దరికీ ఒకేసారి బుద్ధి పుట్టింది. ఇద్దరూ ప్రయాణం కట్టారు. ఆ దేశంలో ఎవరింటికైనా ఉత్త చేతులతో వెళ్ళడం మహా తప్పు. అందుకని పెద్దకడలి కొంగు నిండా గవ్వలు మూటగట్టుకుంది. చిన్నకడలి వంటకి పనికొచ్చే లేత నాచు, దోసెడు చెర్రీ పూరేకులు సర్దుకుంది.

సరిగ్గా గుమ్మంలో ఇద్దరూ ఎదురుపడ్డారు.

"అయ్యో వదినగారూ, నేను మీ ఇంటికే వస్తున్నాను!" అంది పెద్దకడలి.

"నేనూ మీ ఇంటికే! రండి రండి, ముందు మీరు రండి," అంది చిన్నకడలి.

"అబ్బే, ముందు మీరు."

"ఎంతమాట! ముందు మీరే."

ఆ దేశంలో మర్యాద అంటే నడుం వంచి దణ్ణం పెట్టడం. ఒకరు ఇంత వంగితే రెండోవారు ఇంకాస్త వంగాలి. పెద్దకడలి వంగింది. చిన్నకడలి ఇంకా వంగింది. పెద్దకడలి దానికంటే వంగింది. ఒక్కరూ గుమ్మం దాటలేదు. వెనకాల నీళ్ళేమో వస్తూనే ఉన్నాయి. అటొక గోడ, ఇటొక గోడ లేచాయి.

ఆ రెండు నీటిగోడల మధ్య ఒక చిన్న పడవ ఇరుక్కుపోయింది!

పడవలో ఇద్దరున్నారు. ఒకరు నరుతో ఒడ్డున ఉండే మంత్రసాని ఒషినో అవ్వ. రెండోవాడు అవాజీ దీవిలో చేపలు పట్టే మాసుకే. వాడి పెళ్ళాం హనా ఇంట్లో పురిటి నొప్పులు పడుతోంది. బిడ్డ అడ్డం తిరిగింది. అవ్వ వెళ్ళి సరిచెయ్యకపోతే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు. అందుకే మాసుకే ఆదరాబాదరా వచ్చి అవ్వను పడవ ఎక్కించుకున్నాడు.

"అవ్వా, పడవ కదలడం లేదు! నా హనా ఏమైపోతుందో!" అని వాడు బావురుమన్నాడు.

"ఏడవకురా. తెడ్డు వదలకు," అని అవ్వ లేచి నిలబడింది. తనూ నడుం వంచి దణ్ణం పెట్టింది. "అమ్మా, కడలమ్మలూ! అవతల ఒక పిల్ల ప్రాణం మీదికొచ్చింది. మీలో ఎవరో ఒకరు ముందు వెళ్ళి మాకు దారివ్వండి తల్లీ."

"అయ్యయ్యో, పాపం!" అన్నారు ఇద్దరూ. "వదినగారూ, విన్నారుగా, త్వరగా వెళ్ళండి," అంది పెద్దకడలి.

"మీరు వెళ్ళకుండా నేనెలా వెళ్తాను?"

"పోనీ, అవ్వగారూ, ముందు మీరు వెళ్ళండి!" అని ఇద్దరూ కలిసి అవ్వకే దణ్ణం పెట్టారు. ఆ దణ్ణానికి పడవ ఇటు ఒరిగింది, అటు ఒరిగింది. మాసుకే టోపీ నీళ్ళపాలైంది.

అవ్వకి ఒళ్ళు మండిపోయింది. "మీ మర్యాద మండిపోనూ! మీరు కదిలితే కదర్రా నేను వెళ్ళేది!"

కడలమ్మలు బిత్తరపోయారు. వాళ్ళనలా తిట్టినవారు అంతవరకూ లేరు. "ఏం చెయ్యమంటారు అవ్వగారూ? ముందు వెళ్తే అమర్యాద. వెనక్కి మళ్ళితే, వచ్చినవారిని గుమ్మంలోంచి పంపేసినట్టు," అని పెద్దకడలి నిజంగానే కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

అవ్వ తన చేతుల వంక చూసుకుంది. ఎందరు అడ్డం తిరిగిన బిడ్డలను ఆ చేతులు దారిలో పెట్టాయో! లాగితే వాళ్ళు రారు. తోస్తే రారు. మెల్లగా తిప్పాలి.

"తిరగండి!" అని అరిచింది అవ్వ. "ఇద్దరూ చేతులు పట్టుకుని గుండ్రంగా తిరగండి!"

మీరు ఒప్పులకుప్ప ఆడతారు కదా? చేతులు పెనవేసి, పాదాలు దగ్గర పెట్టి, వెనక్కి వాలి గిర్రున తిరుగుతారు. అర తిరుగుడు తిరిగేసరికి మీరున్న చోట మీ నేస్తం, నేస్తం ఉన్న చోట మీరు! ముందు ఎవరు వెళ్ళారు? ఎవరూ వెళ్ళలేదు. ఇద్దరూ వెళ్ళారు!

కడలమ్మలు చేతులు పట్టుకున్నారు. మొదట సిగ్గుసిగ్గుగా ఒక చుట్టు తిరిగారు. తర్వాత గిరగిర, గిరగిర, గిర్రుగిర్రు! అబ్బ, ఆ తిరుగుడు చూడాలి! మజ్జిగ చిలికినట్టు తెల్లటి నురగ లేచింది. మధ్యలో పెద్ద గుంట పడింది. ఎర్రచేపలు ఎగిరెగిరి దూకాయి. గవ్వలు లోపలికి పోయాయి, పూరేకులు బయటికి పోయాయి. పుట్టి బుద్ధెరిగాక అంత ఆట ఆడలేదేమో, ఇద్దరూ పకపకా నవ్వారు. ఆ నవ్వే హోరైంది.

సుడి అంచున పడవ కూడా గిర్రున తిరిగింది.

"అవ్వా, పట్టుకో!" అంటూ మాసుకే అవ్వను వాటేసుకున్నాడు.

"నన్ను కాదురా, తెడ్డు పట్టుకో!"

పడవ సర్రున జారి అవాజీ ఇసుక మీదికి ఎక్కింది. అవ్వ దూకి పరుగెత్తింది. పరుగెత్తుతూనే వెనక్కి తిరిగి, "ఇక ఆగండి! ఇంట్లోంచి బిడ్డ ఏడుపు వినిపించేదాకా మీరు చప్పుడు చేశారో, చూసుకోండి!" అంది.

పెద్దకడలి గుమ్మం లోపల, చిన్నకడలి గుమ్మం బయట ఠక్కున ఆగిపోయారు. ఊపిరి బిగబట్టారు. పూల కొండ పక్కనే ఉన్నా పెద్దకడలి అటు చూడలేదు. తిమింగలం నీళ్ళు చిమ్ముకుంటూ పోతున్నా చిన్నకడలి తల తిప్పలేదు. ఇద్దరికీ మాసుకే ఇల్లు తప్ప ఇంకేమీ పట్టలేదు.

చాలాసేపు ఏమీ వినపడలేదు. మాసుకే గుమ్మం బయట ఇసుకలో చతికిలబడి, ఖాళీ నెత్తి పట్టుకుని కూర్చున్నాడు.

అప్పుడు "కేర్ర్..." మని ఒక ఏడుపు!

"ఆడపిల్లరా! తల్లీ బిడ్డా క్షేమం!" అని లోపలినుంచి అవ్వ కేకేసింది. మాసుకే నవ్వాడు, ఏడ్చాడు, సముద్రానికి వంగి వంగి దణ్ణాలు పెట్టాడు. కడలమ్మలు ఆనందం పట్టలేక ఒడ్డున ఉన్న రాళ్ళన్నిటినీ తడిపేశారు.

ఆ తర్వాత ఇద్దరూ తనివితీరా ఊళ్ళు చూశారు. కానీ ఆ దేశంలో ఇంకో పద్ధతి ఉంది. ఎవరైనా మనింటికి వస్తే మనం వాళ్ళింటికి వెళ్ళాలి. ఏదైనా ఇస్తే బదులు ఇవ్వాలి. అందుకని కడలమ్మల రాకపోకలు ఇక ఆగలేదు. గుమ్మంలో ఎదురుపడ్డప్పుడల్లా "మీరు ముందు" అని మొదలుపెడతారు, అంతలో అవ్వ తిట్టు గుర్తొచ్చి చేతులు పట్టుకుంటారు.

ఇప్పుడు ఆ తిరుగుడు చూడ్డానికి దేశదేశాల జనం వస్తారు. ఓడలెక్కి సుడుల అంచుదాకా వెళ్తారు. సముద్రం పైన కట్టిన వంతెన మీద కాళ్ళకింద అద్దం ఉంటుంది, అందులోంచి చూసి "అమ్మో!" అని పక్కవాళ్ళ చెయ్యి పట్టుకుంటారు.

అప్పటినుంచే నరుతో సముద్రం హోరుమంటూ సుడులు తిరుగుతోంది. తిరిగి తిరిగి కాసేపు నిశ్శబ్దంగా ఆగిపోతుంది. అప్పుడు మీరు అక్కడ ఉంటే మాట్లాడకండేం. కడలమ్మలిద్దరూ ఊపిరి బిగబట్టి, ఎక్కడైనా బిడ్డ ఏడుపు వినిపిస్తుందేమోనని వింటూ ఉంటారు.